బూచి నుంచి బేతాళుడి వరకు: తెలుగు బాలపాఠకుని భయం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

చిన్నతనంలో చదివిన కథల్లో ఏవి గుర్తున్నాయని పెద్దలను అడిగితే, నీతికథల పేర్లు చెప్పేవారికంటే భయపెట్టిన కథలను తలచుకొనేవారే ఎక్కువగా కనిపిస్తారు. ఆ తలపులో భయం కంటే మక్కువే అధికం. రాత్రి దీపం తీసేశాక ఏ కథ నిద్ర పట్టనివ్వలేదో, ఆ కథ ఉన్న సంచిక కోసమే నలభై ఏళ్ల తరువాత పాత పుస్తకాల దుకాణాలు వెతుకుతారు. బాధపెట్టిన అనుభవాన్ని మనిషి తప్పించుకోవాలని చూస్తాడు గాని దాని కోసం వెతకడు. మరి బాల్యభయం విషయంలో ఈ వైపరీత్యానికి కారణమేమిటి?

ఈ ప్రశ్నకు తెలుగు బాలసాహిత్య చరిత్ర నుంచి సమాధానం వెతకడం ప్రస్తుత వ్యాసోద్దేశం. భయం ఎంత తీవ్రమైనదన్నదానికన్నా అది ఎవరి చేతిలో ఉన్నదన్నదే ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. బూచి పెద్దల చేతిలోని భయం. 'చందమామ' బేతాళుడు పిల్లల చేతికి వచ్చిన భయం. 'తులసిదళం' నవలలో భయం మళ్లీ పెద్దలదయింది, పిల్ల దానికి ఆధారం మాత్రమే అయింది. ఈ మూడు దశలను వరుసగా పరిశీలిస్తే భయకథల ఆకర్షణ ఎక్కడ ఉన్నదో, దాని హద్దు ఎక్కడ ఉన్నదో కూడ తెలుస్తుంది.

భయానకం – అలంకారశాస్త్రంలో దాని స్థానం

భయానికీ ఆస్వాదనకూ గల సంబంధం మన అలంకారికులకు కొత్త విషయం కాదు. భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భయానకాన్ని ఎనిమిది రసాలలో ఒకటిగా చెప్పాడు. దాని వర్ణం నలుపు, అధిదేవత కాలుడు. బీభత్సం నుంచి భయానకం పుడుతుందన్నాడు. అది మూడు విధాలు: నటనగా చూపే భయం, అపరాధం వల్ల కలిగే భయం, బెదిరిపోవడం వల్ల కలిగే భయం. ఈ విభాగం పిల్లల భయాలకు కూడ చక్కగా అన్వయిస్తుంది. ఆటలో దొంగభయం మొదటిది, తప్పు చేసి తండ్రి రాకకు బెదరడం రెండవది, చీకట్లో ఏదో కదిలితే ఉలిక్కిపడడం మూడవది.

అయితే భరతుడు భయమనే స్థాయిభావాన్ని స్త్రీలకూ నీచప్రకృతులకూ చెందినదిగా పేర్కొన్నాడు. ధీరోదాత్తుడైన నాయకుడు భయపడడు. ఈ నిర్ణయం ప్రభావం మన కావ్యాలపై చాలాకాలం ఉన్నది. యుద్ధవర్ణనల్లో, అరణ్యవర్ణనల్లో భయానకం అంగరసంగా వస్తుంది గాని, ఒక పెద్ద కావ్యాన్ని అది అంగిరసంగా నడిపించడం అరుదు. భయపడేవాడి వైపు నుంచి కథ చెప్పే సంప్రదాయం మన శిష్టకావ్యంలో బలపడలేదు. అది జానపద కథలోనూ, తరువాతి కాలంలో పిల్లల కథలోనూ చోటు వెతుక్కున్నది.

మరొక విశేషం గమనించదగినది. రసాస్వాదన ఎట్లా సాధ్యమవుతుందో వివరించడానికి అభినవగుప్తుడు అభినవభారతిలో తీసుకొన్న ప్రసిద్ధమైన ఉదాహరణ భయానికి సంబంధించినదే. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు తరుముతుండగా మెడ తిప్పి వెనక్కి చూస్తూ పరుగెత్తే జింకను వర్ణించే శ్లోకం అది. సహృదయుడు ఆ శ్లోకం విన్నప్పుడు 'నేను భయపడుతున్నాను' అని గాని, 'ఈ జింక భయపడుతున్నది, నాకేమి' అని గాని అనుకోడు. దేశకాలాలతో, వ్యక్తులతో ముడి తెగిన శుద్ధమైన భయం అతని హృదయంలో ప్రవేశిస్తుంది. ఇదే సాధారణీకరణం. సొంత భయం పారిపొమ్మంటుంది, సాధారణీకృతమైన భయం నిలిచి చూడమంటుంది.

ఈ సిద్ధాంతాన్ని బాలపాఠకునికి అన్వయించినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడి మనసులో కథకూ ఇంటికీ మధ్య గోడ ఇంకా పూర్తిగా లేవదు. కథాసరిత్సాగరంలో శవం వేలాడే చెట్టు శింశపావృక్షం. తెలుగు పిల్లవాడికి మాత్రం అది తమ పెరట్లోని చింతచెట్టే. ఈ వ్యాసకర్తకు బాల్యంలో బేతాళకథ చదివిన రాత్రి పెరటి తలుపు వైపు వెళ్లడానికి తోడు కావలసి వచ్చేది. మరునాటి పగలు అదే సంచిక మళ్లీ తెరవడానికి మాత్రం ఎవరూ తోడు అక్కరలేదు. అంటే బాలపాఠకునిలో సాధారణీకరణం జరుగుతుంది గాని అసంపూర్ణంగా జరుగుతుంది. పగలు రసం, రాత్రి భయం. ఈ అసంపూర్ణతయే బాల్యపఠనానికి ప్రత్యేకత. పెద్దయ్యాక ఆ కథ కోసం వెతకడంలో, అప్పుడు సగంలో ఆగిన ఆస్వాదనను పూర్తిచేసుకోవాలన్న కోరిక ఉన్నదని భావించవచ్చు.

బూచి: పెద్దల చేతిలోని భయం

తెలుగు ఇంట్లో పిల్లలకు పరిచయమయ్యే తొలి భయానక పాత్ర బూచి. దానికి రూపం లేదు, కథ లేదు, ఊరు పేరు లేవు. అన్నం తినకపోతే వస్తుంది, నిద్రపోకపోతే వస్తుంది, ఏడుపు ఆపితే వెళ్లిపోతుంది. ఈ పదం ఫ్రెంచి సేనాని బుస్సీ పేరు నుంచి వచ్చిందని ఒక ప్రజావ్యుత్పత్తి ప్రచారంలో ఉన్నది. 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఉత్తరాంధ్ర ప్రజల జ్ఞాపకంలో మిగిల్చిన గాయాన్ని ఆ వ్యుత్పత్తి చక్కగా సూచిస్తుంది. కాని తమిళంలో ఇదే ప్రయోజనానికి 'పూచ్చాండి' అన్న మాట ఉండడాన్ని బట్టి చూస్తే ధ్వనిసామ్యం ఒక్కటే ఆధారంగా ఆ వ్యుత్పత్తిని అంగీకరించడం కష్టం. వ్యుత్పత్తి నిలవకపోయినా ప్రజలు దాన్ని నమ్మడంలో ఒక సత్యం ఉన్నది. పిల్లలను బెదిరించే బూచికి పెద్దలు తమను బెదిరించినవాడి పేరునే మూలంగా ఊహించుకొన్నారు.

బూచి స్వభావాన్ని స్పష్టంగా చూపే సాహిత్య సాక్ష్యం పొరుగున ఉన్న కన్నడంలో లభిస్తుంది. కన్నడ తల్లుల బూచి పేరు 'గుమ్మ'. పదహారవ శతాబ్దానికి చెందిన పురందరదాసు కీర్తన ఒకదానిలో బాలకృష్ణుడు, బుద్ధిగా ఉంటానని, గుమ్మను మాత్రం పిలవవద్దని యశోదను బతిమాలుకొంటాడు. లోకాలను కడుపులో దాచుకొన్నవాడు లేని గుమ్మకు బెదరడం అక్కడి చమత్కారం. భక్తి దృష్టిని పక్కన పెట్టి చూస్తే కూడ ఆ కీర్తన బూచి లక్షణాన్ని పట్టి ఇస్తుంది. గుమ్మను పిలిచే అధికారం తల్లిది, పిలవవద్దని వేడుకోవడం పిల్లవాడి వంతు. భయానికి మీట పెద్దల చేతిలో ఉన్నది. భరతుని మాటల్లో ఇది అపరాధం వల్ల పుట్టే భయం.

దీనికి ప్రతిగా మరొక యశోదాకృష్ణుల దృశ్యాన్ని చూడవచ్చు. లీలాశుకుని శ్రీకృష్ణకర్ణామృతంలో యశోద కృష్ణుణ్ణి నిద్రపుచ్చుతూ రామకథ చెబుతుంది. పిల్లవాడు ఊకొడుతుంటాడు. రావణుడు సీతను ఎత్తుకుపోయాడనగానే ఆ పిల్లవాడు ఉలిక్కిపడి, తన విల్లెక్కడని లక్ష్మణుణ్ణి కేక వేస్తాడు. ఇక్కడ కూడ తల్లి చెప్పిన మాట వల్లనే పిల్లవాడు కలవరపడ్డాడు. కాని గుమ్మకు బెదిరినవాడు ముడుచుకొంటే, కథకు ఉలిక్కిపడినవాడు విల్లందుకొన్నాడు. బెదిరింపుకూ కథకూ ఉన్న తేడా ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం. బెదిరింపులో వినేవాడికి చేయడానికి ఏమీ ఉండదు, లొంగడం తప్ప. కథలో వినేవాడికి ఒక పాత్ర దొరుకుతుంది.

ఊకొట్టడం అన్న మన ఆచారాన్ని కూడ ఈ దృష్టితో చూడవలసి ఉన్నది. ఊకొట్టడం ఆగితే కథ ఆగుతుంది. కథ చెప్పేవారు పెద్దలే అయినా, దాన్ని నడిపించే అధికారంలో పిల్లలకు వాటా ఉన్నది. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' ఈ సంబంధాన్నే గ్రంథనిర్మాణానికి ఆధారం చేసుకొన్నాయి. మణిసిద్ధునితో కాశీకి బయలుదేరిన పశులకాపరి కుర్రవాడు మజిలీ మజిలీకి తాను చూసిన వింతను గురించి అడుగుతాడు, దానికి జవాబుగా కథ వస్తుంది. మాంత్రికులు, రాక్షసులు, గుహలు, బలులు అన్నీ ఆ కథల్లో ఉన్నాయి. కాని అవన్నీ పిల్లవాడి ప్రశ్న తరువాతనే వస్తాయి.

చందమామ: పిల్లల చేతికి వచ్చిన భయం

1947 జూలైలో చక్రపాణి, బి. నాగిరెడ్డి మద్రాసు నుంచి 'చందమామ'ను ప్రారంభించారు. అంతకుముందు బాలల పత్రికలు లేకపోలేదు. అయితే నెలనెలా రంగుల ముఖచిత్రంతో, పేజీపేజీకీ బొమ్మతో ఇంటికి వచ్చి, పిల్లవాడు తనంతట తాను చదువుకోగల వాక్యాలతో ఉన్న పత్రికగా చందమామ పొందిన వ్యాప్తి అసాధారణం. భయానుభవ చరిత్రలో దీనికి ఒక ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్నది. వినే కథలో వేగం చెప్పేవారిది, చదివే కథలో వేగం చదివేవాడిది. భయం వేసిన చోట పుస్తకం మూయవచ్చు, ధైర్యం వచ్చాక తెరవవచ్చు. రాక్షసుడి బొమ్మ ఉన్న పేజీని అరచేతితో కప్పి పక్క పేజీ చదవవచ్చు. భయం తొలిసారిగా పిల్లవాడి చేతికి, అక్షరాలా చేతికే, వచ్చింది.

చందమామలో భయానకానికి రెండు ప్రధాన స్థానాలున్నాయి. ఒకటి దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు. 'తోకచుక్క'తో మొదలై 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు' వరకు అవి దశాబ్దాలపాటు సాగాయి. వీటి పేర్లను వరుసగా చదివితేనే ఒక విషయం తెలుస్తుంది. చాలా పేర్లు స్థలాల పేర్లు: కోట, ద్వీపం, లోయ, దుర్గం, ఆలయం, పర్వతం, సరోవరం. బూచికి స్థలం లేదు, అందువల్ల అది ఎక్కడికైనా వస్తుంది. ఈ కథల్లోని భయానికి మాత్రం ఒక స్థలం ఉన్నది. అక్కడికి శిఖిముఖి, విక్రమకేసరి వంటి సాహసులు వెళతారు, తిరిగి వస్తారు. భయం మన ఇంటికి రావడానికి బదులు, మనమే దాని ఇంటికి వెళ్లడం ఈ ధారావాహికల సూత్రం. చిత్రా బొమ్మలు ఆ లోకానికి రూపమిచ్చాయి. రూపం లేని బూచి కంటే కోరలున్న రాక్షసుడు పిల్లలకు తక్కువ ప్రమాదకారి. గీసి చూపిన భయానికి అంచులుంటాయి.

నాగిరెడ్డి–చక్రపాణుల విజయా సంస్థ కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో నిర్మించిన 'పాతాళభైరవి' కూడ ఇదే కాలానికి చెందినది. ఎస్.వి. రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుడు తెలుగు పిల్లల ఊహలో మాంత్రికుడికి స్థిరమైన రూపాన్నీ గొంతునూ ఇచ్చాడు. భయపెట్టే పాత్రను పిల్లలు ఆటల్లో అనుకరించడం మొదలుపెట్టారంటే, భయం వారి స్వాధీనంలోకి వచ్చిందని అర్థం.

బేతాళుడి రాత్రికి తెల్లవారదు

భయానకానికి చందమామలోని రెండవ స్థానం బేతాళ కథలు. వీటి మూలచరిత్ర సుప్రసిద్ధం. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరదేశీయుడైన సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో శశాంకవతీలంబకంలో ఇవి ఉన్నాయి. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు, అతని నగరం గోదావరీతీరంలోని ప్రతిష్ఠానం. సోమదేవునికి మూలమైన గుణాఢ్యుని బృహత్కథ శాతవాహన రాజు ఆస్థానంతో ముడిపడినదనీ, పైశాచీభాషలో రచితమనీ ఐతిహ్యం. మన కథాసాహిత్యానికి ఆదిగ్రంథమని చెప్పుకొనే దాని భాషకు పిశాచాల పేరు ఉండడం, భయానికీ కథకూ గల పాత బంధుత్వాన్ని సూచిస్తున్నది.

సోమదేవుని కథలో చట్రం మూసుకొంటుంది. క్షాంతిశీలుడనే భిక్షువు కోరికపై రాజు శ్మశానం నుంచి శవాన్ని మోసుకొస్తుంటాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం చెట్టెక్కుతుంది. చివరి ప్రశ్నకు రాజుకు నిజంగానే జవాబు తెలియదు, అందుకే మౌనంగా ఉంటాడు. బేతాళుడు సంతోషించి, భిక్షువు తనను బలి ఇవ్వదలచుకొన్న కుట్రను బయటపెడతాడు. రాజు భిక్షువును వధిస్తాడు. అదంతా ఒక్క రాత్రి.

చందమామ ఈ చట్రంలో ఒక మౌలికమైన మార్పు చేసింది. పాతిక కథలూ పూర్తయిన తరువాత శీర్షికను ముగించలేదు. ఇతర కథలను, కొత్త కల్పనలను అదే చట్రంలోకి తెచ్చి దశాబ్దాలపాటు నడిపింది. ఫలితంగా రాజు భిక్షువును చేరనే లేదు, ఆ రాత్రికి తెల్లవారనే లేదు. ప్రతి నెలా అదే శ్మశానం, అదే చెట్టు, అదే శవం, దాదాపు అవే వాక్యాలు. శంకర్‌గా ప్రసిద్ధుడైన కె.సి. శివశంకరన్ (1924–2020) గీసిన బొమ్మ, కత్తి చేతబట్టి శవాన్ని భుజాన వేసుకొని నడిచే రాజు, ఆ శీర్షికకు ముద్రగా నిలిచింది.

ఈ పునరుక్తిని పత్రికా నిర్వహణలోని సౌకర్యంగా మాత్రమే చూడడం సరికాదు. ఫ్రాయిడ్ 1920లో ప్రచురించిన ఒక గ్రంథంలో తన మనుమడి ఆటను గురించి రాశాడు. దారం కట్టిన బొంగరపుచుట్ట వంటి వస్తువును పిల్లవాడు కనబడకుండా విసిరి, మళ్లీ లాక్కొంటుంటాడు. తల్లి కనబడకుండా పోవడమనే బాధను ఆ పసివాడు ఆటగా మార్చి, తన అదుపులోకి తెచ్చుకొంటున్నాడని ఫ్రాయిడ్ వ్యాఖ్యానం. శవం చెట్టెక్కడం, రాజు దాన్ని మళ్లీ దించడం అటువంటి ఆటే. ప్రతి నెలా భయం చేజారుతుంది, ప్రతి నెలా భుజానికెక్కుతుంది. మొదటి సంచికలో భయపెట్టిన శవం పదవ సంచికకు పరిచితమవుతుంది, ముప్పయ్యవ సంచికకు చుట్టమవుతుంది. బేతాళుడి కోసం ఎదురుచూసే పిల్లవాడు భయం కోసమే ఎదురుచూడడం లేదు. తనకు అలవడిన ధైర్యాన్ని పరీక్షించుకొనే సందర్భం కోసం ఎదురుచూస్తున్నాడు.

రెండవ విశేషం ప్రశ్న. బేతాళకథలో శవం మాట్లాడుతుంది, కాని అది మాట్లాడేది తర్కం. ముగ్గురిలో ఎవరిది గొప్ప త్యాగం, తప్పు రాజుదా మంత్రిదా, వరం అడగనివాడు మూర్ఖుడా వివేకా అన్నవి ఆ ప్రశ్నల ధోరణి. భయంతో మొదలైన కథ న్యాయవిచారణతో ముగుస్తుంది. చదివే పిల్లవాడు రాజు జవాబు చదవడానికి ముందు తన జవాబు ఆలోచించుకొంటాడు. తల పగులుతుందన్న బెదిరింపు ఆలోచించకపోవడానికి గాని, ఆలోచించినందుకు కాదు. బూచి నోరు మూయిస్తుంది, బేతాళుడు నోరు తెరిపిస్తాడు.

కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వ ప్రాముఖ్యం ఇక్కడనే తెలుస్తుంది. 1909లో తెనాలిలో జన్మించి, చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొన్న ఆయన 1952 నుంచి 1980లో మరణించేవరకు చందమామను తీర్చిదిద్దారు. హేతువాది, మార్క్సిస్టు, విప్లవ రచయితల సంఘంలో ప్రముఖుడు అయిన రచయిత దయ్యాల, మాంత్రికుల కథలకు సంపాదకుడు కావడం వైరుధ్యమని కొందరికి తోచింది. పై పరిశీలన వెలుగులో చూస్తే ఆ వైరుధ్యం చాలావరకు తొలగిపోతుంది. చందమామ కథల్లో దయ్యం ఉండడం ముఖ్యం కాదు, దయ్యం ఎదుట మనిషి ఎట్లా నిలబడ్డాడన్నది ముఖ్యం. ఆ కథల్లోని చాలా దయ్యాలు తెలివైన ఇల్లాలి చేతనో, బెదరని బాటసారి చేతనో ఓడిపోతాయి, కొన్నిసార్లు స్నేహం చేస్తాయి. దయ్యాన్ని నమ్మించడానికీ, దయ్యంతో ఆలోచింపజేయడానికీ తేడా ఉన్నది.

తులసిదళం: భయం మళ్లీ పెద్దల చేతికి

1980ల ప్రాంతంలో తెలుగు పాఠకుని భయానుభవం మరొక మలుపు తిరిగింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడి విశేషమైన పాఠకాదరణ పొందింది. తులసి అనే చిన్నపిల్లపై జరిగే క్షుద్రప్రయోగం దాని ఇతివృత్తం. బ్లాటీ 'ది ఎక్సార్సిస్ట్' నవల (1971), దాని చలనచిత్రం (1973) తరువాతి కాలంలో, పీడితురాలైన బాలిక భయానక సాహిత్యానికి కేంద్రం కావడం తెలుగుకే పరిమితమైన పరిణామం కాదు.

మన ప్రతిపాదన దృష్ట్యా ఇక్కడ గమనించవలసినది పిల్ల స్థానం. చందమామలో పిల్లవాడు చదివేవాడు, రాజుతో పాటు నడిచేవాడు. తులసిదళంలో పిల్ల భయానికి గురయ్యే శరీరం. ఆమెకు ప్రశ్న లేదు, విల్లు లేదు. భయపడేవారు తల్లిదండ్రులు, పోరాడేవారు వైద్యులూ మంత్రవేత్తలూ, చదివేవారు ప్రధానంగా పెద్దలు. తమ బిడ్డకు ఏమవుతుందోనన్న మధ్యతరగతి గృహస్థుని భయాన్ని ఆ నవల గట్టిగా పట్టుకొన్నది. దాని బలం అదే. వైద్యవివరణనూ క్షుద్రవివరణనూ పక్కపక్కన నడిపించి, పాఠకుణ్ణి ఆ ఊగిసలాటలో నిలపడం దాని కథనరహస్యం. బేతాళకథలో ప్రశ్న భయాన్ని ముగిస్తుంది. ఇక్కడ ప్రశ్న తేలకపోవడమే భయాన్ని పోషిస్తుంది.

ఈ నవలపై వచ్చిన విమర్శలో రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' ప్రసిద్ధమైనది. మూఢవిశ్వాసాలను సాహిత్యం బలపరుస్తుందన్న ఆ ఆక్షేపణను తేలికగా తీసివేయడానికి వీలులేదు. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను హింసించిన, చంపిన ఘటనలు తెలుగు పల్లెల్లో జరిగాయి. అట్లా బలైనవారిలో పేదలు, ఒంటరి స్త్రీలు, వృద్ధులు ఉన్నారు. భరతుడు భయాన్ని స్త్రీలకూ నీచప్రకృతులకూ అంటగట్టాడు. సమాజం మరొక అడుగు ముందుకు వేసి, తన భయానికి కారకులుగా కూడ వారినే నిలబెట్టింది. భయకథల ఆకర్షణను మెచ్చుకొనే ఏ పరిశోధన అయినా ఈ వాస్తవం ముందు నిలబడి మాట్లాడవలసి ఉన్నది.

అందువల్ల భయకథ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న సరైనది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒక కథ భయాన్ని ఎక్కడ వదిలిపెడుతున్నదని అడగాలి. కథలోపల ప్రశ్నగా మార్చి వదిలితే అది పాఠకునికి బలం. కథ దాటి పొరుగింటి మనిషి మీద అనుమానంగా వదిలితే అది సమాజానికి హాని.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. బాల్యభయం తలపుల్లో మధురంగా మిగిలేది అది తన అదుపులో ఉన్నప్పుడే. బూచి పేరు చెప్పి అన్నం తినిపించిన రోజులను పెద్దలు నవ్వుతూ తలచుకొంటారు గాని, బూచి కోసం ఎవరూ వెతకరు. బేతాళుడి కోసం వెతుకుతారు. దాసరి సుబ్రహ్మణ్యం 2010లో మరణించిన తరువాత కూడ ఆయన ధారావాహికలను అభిమానించేవారు ఒకనాటి బాలపాఠకులే. చేతిలో పుస్తకం, పుస్తకంలో బొమ్మ, బొమ్మకు అంచు, కథకు ప్రశ్న, నెల తిరిగేసరికి మళ్లీ మొదలు: ఈ ఐదు ఏర్పాట్లు భయాన్ని ఆస్వాద్యం చేశాయి. అభినవగుప్తుడు సహృదయునికి సంస్కారం వల్ల సిద్ధిస్తుందన్న దూరాన్ని, చందమామ ఈ ఏర్పాట్ల ద్వారా పసివాడికి అలవాటు చేసింది.

ఇరవై ఒకటవ శతాబ్దపు రెండవ దశకంలో తెలుగు చందమామ నిలిచిపోయింది. పిల్లల భయాలు నిలిచిపోలేదు. పిల్లల పుస్తకాల నుంచి భయాన్ని పూర్తిగా తొలగించాలన్న అభిప్రాయం నేడు సదుద్దేశంతోనే వినిపిస్తున్నది. అయితే పుస్తకంలో చోటు దొరకని భయం బూచి రూపంలో ఇంట్లోనే తిరుగుతుంది, లేదా పిల్లవాడు ఆపలేని వేగంతో కదిలే తెర మీదికి చేరుతుంది. పేజీని అరచేతితో కప్పుకొనే అవకాశం అక్కడ లేదు.

చందమామ ముగించని ఆ చట్రాన్ని మరొకసారి తలచుకోవడం అవసరం. సోమదేవుని కథాంతంలో తెలిసేదేమిటి? రాజు ఎన్నడూ భయపడవలసింది భుజం మీది శవానికి కాదు. రోజూ దర్బారుకు వచ్చి, రత్నం దాచిన పండును వినయంగా కానుక ఇచ్చి, మంచిమాటలతో శ్మశానానికి పిలిచిన భిక్షువుకు. దయ్యం నిజం చెప్పింది, మనిషి మోసం చేశాడు. బేతాళుడి కథలను ఇష్టపడి చదివిన పిల్లలు పెద్దయ్యాక ఆ చివరి కథను వెతుక్కొని చదివితే, ఎవరికి భయపడాలో, ఎవరిని ప్రశ్నించాలో వారికి తెలుస్తుంది. చేతబడి పేరుతో పొరుగువారిని వేటాడే ఊరిలో అడగవలసిన ప్రశ్న కూడ అదే. భయకథల చరిత్రను అధ్యయనం చేయడానికి అంతకంటే బలమైన కారణం అక్కరలేదు.